వీడియోలు అయిపోతే ప్రోగ్రామింగ్ వచ్చేసినట్టేనా?

హనుమకొండలో పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతుంటాను. పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక ఆన్‌లైన్ కోర్సు చూసి వస్తారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: వీడియోలన్నీ చూశాను, అంతా అర్థమైంది.

చూస్తున్నంతసేపూ అర్థమవుతుంది, నిజమే. ఆలోచించే పనంతా చెప్పే సారే చేస్తుంటారు మరి. ఒకమ్మాయి 30 గంటల కోర్సు పూర్తిచేసి వచ్చింది. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెస్తారు. "రెండు బస్తాల బరువు అడిగి, మొత్తం చెప్పే ప్రోగ్రామ్ రాయమ్మా" అన్నాను. ఖాళీ స్క్రీన్ ముందు చేతులు ఆడలేదు. చివరికి రాసింది. 40, 42 ఇస్తే జవాబు 4042 వచ్చింది!

పైథాన్‌లో ఇన్‌పుట్‌గా తీసుకున్నవి అంకెలైనా అక్షరాల కిందే లెక్క. కూడమంటే పక్కపక్కన అతికిస్తుంది. ముందు 'ఇంట్' (int) అనే ఆదేశం వాడి సంఖ్యగా మార్చాలి. "సార్, ఇది వీడియోలో చూశాను" అంది. చూసే ఉంటుంది. కానీ అరగంట వెతికి తనే దిద్దుకుంది కాబట్టి ఇక మరచిపోదు. పది నిమిషాలు చూసి ఆపండి. వీడియో మూసేసి అదే ప్రోగ్రామ్ సొంతంగా రాయండి. వచ్చాక, బస్తాలు ఎన్ని ఉన్నా పనిచేసేలా మార్చండి.

అపోహ: ఇంగ్లీష్ రాకపోతే కోడింగ్ రాదు.

తెలుగు మీడియం పిల్లలు ఈ మాటకే వెనక్కి తగ్గుతుంటే బాధేస్తుంది. పైథాన్ కీవర్డ్‌లు, అంటే ఆ భాషలో ప్రత్యేక అర్థమున్న ఇంగ్లీష్ మాటలు, మొత్తం 35. పాఠం తెలుగులో వింటే తప్పేమీ లేదు. ఎర్రర్ మెసేజ్ ఇంగ్లీష్‌లో వస్తుంది, టెన్షన్ పడకుండా చివరి లైన్ ముందు చదవండి. తప్పు ఏ రకమో అక్కడుంటుంది, ఏ లైన్‌లో జరిగిందో దాని పైన ఉంటుంది. 4042 లాంటి తప్పుకైతే ఎర్రరే రాదు. అందుకే జవాబును నోటి లెక్కతో సరిచూసుకోవాలి.

అపోహ: డబ్బు కట్టిన కోర్సే మంచిది.

ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. పంట డబ్బులు వేలకు వేలు కట్టే ముందు ఒక్క ఉచిత కోర్సు చివరిదాకా చేయండి. కొత్త లాప్‌టాప్ కూడా అక్కర్లేదు, కీబోర్డు మాత్రం కావాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు తరుగు తీసేసి, క్వింటాల్ ధరతో లెక్కగట్టే ప్రోగ్రామ్ రాసింది. వాళ్ల నాన్నకు మార్కెట్‌లో ఇచ్చిన తక్‌పట్టీతో (అమ్మకం లెక్క చీటీ) పోలిస్తే రెండు రూపాయలు తేడా. ఎక్కడొచ్చిందో ఇంకా వెతుకుతోంది.