రెండు రూపాయల బయానా

బెంగాల్ నీలిమందు రైతుల కష్టాల మీద రాసిన ‘నీలదర్పణం’ నాటకాన్ని ఇప్పటి విశాఖ ప్రేక్షకుల ముందుకు తేవాలనుకునే దర్శకుడికి మొదట తట్టేది వేషం మార్చడమే. తెల్లదొర టోపీ తీసేసి, సూటు తొడిగి, కొరడాకు బదులు చేతికి సెల్‌ఫోను ఇస్తే చాలు, కథ ఇవాళ్టిది అయిపోతుందనిపిస్తుంది. అవ్వదని నా నమ్మకం. ఆ నాటకంలో రైతును కట్టిపడేసింది కొరడా కంటే ముందు ఒక కాగితం.

దాన్ని రాసిన దీనబంధు మిత్ర తపాలా శాఖ ఉద్యోగి. పని మీద బెంగాల్ పల్లెలెన్నో తిరిగినవాడు. 1859లో నదియా, జెస్సోర్ ప్రాంతాల రైతులు ఇక నీలిమందు వేయబోమని ఎదురుతిరిగారు. మరుసటి ఏడాది ఢాకాలో రచయిత పేరు లేకుండానే ఆయన నాటకం అచ్చయింది.

రైతులు ఎదురుతిరిగింది ‘దాదన్’ మీద. మన మాటలో బయానా. తోటదొర, అంటే నీలితోటలు నడిపే తెల్లవాడు, బిఘా (బెంగాల్ నేల కొలత)కు రెండు రూపాయలు ముందుగా చేతిలో పెట్టి ఒప్పందం రాయించుకునేవాడు. వరి పండే మంచి నేలలోనే నీలి వేయాలి. తూకం దొరది, ధర దొరది. విత్తనాలు, బండి కూలి, చివరికి ఒప్పందం కాగితం ఖర్చు కూడా రైతు పద్దులోనే పడేవి. పంట ఇచ్చాక కూడా బాకీ మిగిలేది. తండ్రి బాకీ కొడుకు మెడకు చుట్టుకునేది. ఈ గొడవ మీద ప్రభుత్వం వేసిన నీలి విచారణ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పిన ఒక ఇంగ్లీషు అధికారి, మనిషి రక్తపు మరక లేకుండా ఒక్క నీలిమందు పెట్టె కూడా ఇంగ్లండు చేరలేదన్నాడు.

నాటకం ఇంగ్లీషులోకి రాగానే దొరలు ఉలిక్కిపడ్డారు. అనువాదాన్ని అచ్చు వేయించిన పాద్రి జేమ్స్ లాంగ్‌కు 1861లో నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జుర్మానా పడ్డాయి. ఆ జుర్మానాను బెంగాలీ రచయిత కాళీప్రసన్న సింహ కట్టేశాడు. 1872లో కలకత్తా నేషనల్ థియేటర్ టికెట్టు పెట్టి మొదట ఆడింది ఈ నాటకమే. 1875లో లక్నోలో రైతు తోరాప్ దొరను కొట్టే దృశ్యం రాగానే ప్రేక్షకుల్లోని తెల్లవాళ్లు వేదిక మీదికి దూసుకొచ్చారు. 1876లో, నాటకాలను నిషేధించే అధికారం ప్రభుత్వానికిచ్చే నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది. దానికి తక్షణ కారణం ఇంగ్లండు యువరాజు రాక మీద ఆడిన వేరే ప్రహసనమే అయినా, నాటకమంటే దొరలకు భయం పుట్టించినవాటిలో నీలదర్పణం ముందుంటుంది. ఆ చట్టం రద్దయింది 2018లో! తెల్లవాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ భయం పోలేదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

ఇదంతా ఎక్కడో బెంగాల్ సంగతి అనుకోనక్కర్లేదు. విశాఖ మన్యానికి నీలితోటల చరిత్ర లేకపోయినా పద్దు చరిత్ర ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుకు, అంటే అడవి నరికి చేసే కొండ సాగుకు, అడ్డుగోడ కట్టింది. అడవి మూసుకుపోయిన కొద్దీ సంతలో షావుకారు దగ్గర అప్పు పెరిగింది. అది ఎంత ముదిరిందంటే 1917లో మద్రాసు ప్రభుత్వమే ఏజెన్సీ ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టం చేసి, వడ్డీ నూటికి 24 దాటకూడదనీ, గిరిజనుల భూమి అనుమతి లేకుండా ఇతరులకు పోకూడదనీ రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత అయిదేళ్లకు, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. ఆ దాడి మనకు కంఠతా వచ్చు. దాని వెనకున్న అప్పుల చిట్టాను మాత్రం మరిచిపోయాం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా షావుకారు పట్టు సడలకపోవడం వల్లే 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది.

ఫోనులో రుణ యాప్ తెరిచి, చదవని షరతులకు ఒప్పుకుని, రెండు నెలలకే అసలు కంటే ఎక్కువ బాకీ పడిన కుర్రవాడు ప్రేక్షకుల్లో ఉంటాడు. అతనికి సూటు వేసుకున్న దొరను చూపించనక్కర్లేదు. 1860 నాటి బట్టలు, ఊళ్లు, పేర్లు అలాగే ఉంచవచ్చు. తోరాప్ చెయ్యి ఎత్తితే చప్పట్లు ఎలాగూ పడతాయి. దర్శకుడు అసలు కష్టపడాల్సింది దానికంటే ముందు, దొర దివాను గోపీనాథ్ కచేరీలో, వద్దని మొత్తుకుంటున్న రైతు సాధుచరణ్‌కు బయానా అంటగట్టే చోట. ఆ దృశ్యాన్ని తొందరపడకుండా, చివరి అణా లెక్క దాకా నడపాలి.