డ్రాగన్‌ని కాదు, శనివారాన్ని గెలవాలి: ఆన్‌లైన్ క్యాంపెయిన్ నడపడంపై అపోహలు - వాస్తవాలు

ఆరేళ్లుగా ఆన్‌లైన్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నడుపుతున్నాను. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ ఆడే ఆట ఇది. నా మొదటి క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే ఒకే కథ) నాలుగో సెషన్‌కే, అంటే నాలుగో రోజు ఆటకే చతికిలపడింది. రెండోది పదకొండో సెషన్ దాకా ఈడ్చాను. మూడోది ఇప్పటికీ నడుస్తోంది. మొదటి రెండూ ఆగిపోయింది కథ బాగాలేక కాదు. కొత్తగా గేమ్ మాస్టర్ (జీఎం, అంటే ఆట నడిపే మనిషి) అవుదామనుకునేవాళ్లు కథ గురించి, గొంతుల గురించి, సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు. క్యాలెండర్ గురించి ఎవరూ అడగరు. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

అపోహ: అందరూ వస్తేనే ఆడాలి, లేకపోతే కథ దెబ్బతింటుంది

చిన్న లెక్క చూడండి. ఐదుగురు ప్లేయర్లు. ఒక్కొక్కరూ పది వారాల్లో తొమ్మిదిసార్లు వస్తారనుకుందాం. అంతకన్నా బుద్ధిమంతులు దొరకరు. అయినా ఐదుగురూ ఒకేసారి వచ్చే వారాలు నూటికి 59 మాత్రమే. అంటే ఐదు సెషన్లలో రెండు రద్దు. రెండు వరసగా రద్దయ్యాయంటే మూడో వారం ఎవరికీ ఊపు ఉండదు, గ్రూప్‌లో మెసేజ్‌లు తగ్గుతాయి, నెల తిరిగేసరికి ఆట ఆగిపోయిందని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది. నా మొదటి క్యాంపెయిన్ సరిగ్గా ఇలాగే పోయింది.

ఇప్పుడు నియమం మార్చి, నలుగురు వస్తే ఆడేద్దాం అనుకోండి. అదే లెక్క నూటికి దాదాపు 92 వారాలకు పెరుగుతుంది. మా నియమం అదే: శనివారం మారదు, టైమ్ మారదు, ఇద్దరు రాకపోతేనే రద్దు. రానివాళ్ల పాత్ర ఆ రోజు గుర్రాల దగ్గర కాపలా ఉంటుంది. మా మంత్రగాడు ఇప్పటికి ఎన్ని యుద్ధాల్లో గుర్రాలు కాశాడో లెక్కలేదు. రాలేనివాళ్ల కోసం సెషన్ అయ్యాక ఎవరో ఒకరు నాలుగు లైన్లలో కథ రాసి పెడతారు. రాసినవాళ్లకి వచ్చే సెషన్‌లో ఒక రీరోల్ (పాచిక మళ్లీ వేసే అవకాశం) ఇస్తాను. లంచమే, కానీ పనిచేస్తోంది.

అపోహ: ముందే నవలంత కథ రాసుకోవాలి

మొదటిసారి నేను ముప్పై పేజీలు రాసుకున్నాను. అందులో ఒక రాజవంశానికి ఏడు తరాల చరిత్ర. ప్లేయర్లు నది దాటి కోటకి వెళ్లాలి, అంతే ప్లాన్. నది దాటించడానికి ఒక పడవవాడిని పెట్టాను. వాడికి పేరు కూడా పెట్టలేదు. ఏదో వర్ణన ఉంటే బాగుంటుందని "వణికే చేతులతో తెడ్డు అందుకున్నాడు" అన్నాను.

"చేతులెందుకు వణుకుతున్నాయి?" అని అడిగింది మా దొంగ పాత్ర.

అంతే. రెండు గంటలు పడవవాడి చేతుల చుట్టూనే తిరిగాం. ఏడు తరాల రాజులు నా ల్యాప్‌టాప్‌లో అలాగే నిద్రపోయారు.

ఇప్పుడు సెషన్‌కి ఒక్క పేజీ రాసుకుంటాను. మొదటి సన్నివేశం, రెండు చోట్లు, ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికీ ఏం కావాలో ఒక్కో వాక్యం, ఎవరైనా అడిగితే చెప్పడానికి పది పేర్లు. ప్లేయర్లకు కచ్చితంగా తెలియాల్సిన విషయం ఉంటే దాన్ని మూడు చోట్ల దాస్తాను. ఒకటి వాళ్ల కంటపడదు, ఇంకోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది దొరుకుతుంది.

అపోహ: అందరూ మౌనంగా ఉన్నారంటే బోర్ కొడుతోందని అర్థం

టేబుల్ చుట్టూ కూర్చుంటే ఎవరు మాట్లాడబోతున్నారో ముఖం చూసి తెలుస్తుంది. వాయిస్ కాల్‌లో అది ఉండదు. ఇద్దరు ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఆగుతారు, "నువ్వు చెప్పు", "లేదు లేదు, నువ్వే చెప్పు". ఇలా మూడుసార్లు జరిగితే మర్యాదస్తులంతా నోరు మూసుకుంటారు. గట్టిగా మాట్లాడే ఒక్కరే ఆట మొత్తం ఆడేస్తారు.

"ఇప్పుడేం చేస్తారు?" అని గాల్లోకి అడగడం మానేశాను. ఐదుగురిని కలిపి అడిగితే ఎవరినీ అడగనట్టే. దాని బదులు: "ఇలోరా, తలుపు అవతల ఎవరో దగ్గారు. నీ చెయ్యి ఇంకా గొళ్లెం మీదే ఉంది. ఏం చేస్తావ్?" పేరు, కళ్ల ముందున్న ఒక వస్తువు, ఒక ప్రశ్న. తర్వాత ఎవరిని అడగబోతున్నానో కూడా అప్పుడే చెప్పేస్తాను.

మా గుంపులో ఒకతను మొదటి మూడు నెలలు మైక్ ఆన్ చెయ్యలేదు. అన్నీ చాట్‌లో టైప్ చేసేవాడు. నేను చదివి వినిపించేవాణ్ణి. మైక్ ఆన్ చెయ్యమని ఒక్కసారీ అడగలేదు. ఒకరోజు తన పాత్ర చావుబతుకుల్లో ఉన్నప్పుడు తనే మాట్లాడాడు.

అపోహ: రకరకాల గొంతులు పెట్టి నటించాలి

అక్కర్లేదు. "ముసలావిడ నీ కళ్లలోకి చూడకుండా సమాధానం చెప్పింది" అంటే చాలు.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్, పుస్తకాలు కావాలి

ఆన్‌లైన్‌లో మ్యాపులు, పాచికలతో ఇలాంటి ఆటలు ఆడుకునే వెబ్‌సైట్ రోల్20 2012 నుంచి ఉంది, ఉచిత ఖాతాతోనే ఆడుకోవచ్చు. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఫౌండ్రీ అయితే జీఎం ఒక్కరు ఒక్కసారి కొంటే చాలు, ప్లేయర్లు బ్రౌజర్‌లోంచే వచ్చేస్తారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదలయ్యాయి, ఉచితంగా దొరుకుతాయి. మ్యాప్ లేకుండా మాటలతోనే నడిపే సెషన్లు మాకు ఇప్పటికీ సగం ఉంటాయి.

ఒకసారి ఒక గుహ మ్యాప్ మీద మూడు గంటలు కూర్చుని గోడలు గీసి, కాగడా వెలుగు ఎంతదూరం పడాలో కూడా సెట్ చేశాను. మావాళ్లు గుహలోకి అడుగే పెట్టలేదు. వాకిట్లో పొగ పెట్టి, లోపలున్న గాబ్లిన్లనే చిన్న రాక్షసులందరినీ బయటికి రప్పించారు. మంచి ఐడియా, ఒప్పుకోక తప్పలేదు.

అపోహ: ఆన్‌లైన్ పాచికలు మోసం చేస్తాయి

ఈ గొడవ ప్రతి గుంపులోనూ ఉంటుంది. ఇరవై ముఖాల పాచికలో 1 పడే అవకాశం 5 శాతం. ఒక సెషన్‌లో అందరూ కలిసి 60 సార్లు వేస్తే సగటున మూడుసార్లు 1 పడుతుంది. ఆ మూడింటిలో రెండు ఒకరికే రావడంలో వింతేమీ లేదు. కానీ ఆ ఒకరు దాన్ని నెలరోజులు మర్చిపోరు. మామూలుగా పడిన 12లు, 14లు ఎవరికి గుర్తుంటాయి?

పనిలో పని: 20 పడితే ఏదైనా జరిగిపోతుందనేది కూడా అపోహే. అయిదో ఎడిషన్‌లో 20 పడితే దెబ్బ తప్పక తగులుతుందన్నది దాడులకే వర్తిస్తుంది. రాజుగారిని సింహాసనం ఇచ్చెయ్యమని అడిగి 20 వేస్తే, ఆయన నవ్వి వదిలేస్తాడు. అదే మీ అదృష్టం.

అపోహ: ఒక్క పెద్ద రాక్షసుడు చాలు, పోరాటం అదిరిపోతుంది

ఐదుగురికి ఐదు వంతులు, రాక్షసుడికి ఒకటి. ఎంత పెద్దవాడైనా మూడో రౌండ్‌కి నేల కరుస్తాడు. 2014 నియమాల్లో పెద్ద ఎర్ర డ్రాగన్‌కి 256 హిట్ పాయింట్లతో (ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే లెక్క) పాటు, ఇతరుల వంతు ముగిశాక వాడుకునే లెజెండరీ యాక్షన్లు రౌండ్‌కి మూడు ఇచ్చింది అందుకే. అవి మర్చిపోతే డ్రాగన్ ఉత్త బల్లి. లేదా పక్కన నలుగురు అనుచరులను పెట్టండి.

అపోహ: సెషన్ జీరో (ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే రోజు) టైమ్ వేస్ట్

నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు సాలీడు గూడు గురించి ఆవేశంగా వర్ణిస్తున్నాను. ఒక ప్లేయర్ కాల్‌లోంచి పోయింది. నెట్ పోయిందనుకుని మేం ఆట కొనసాగించాం. పోయింది నెట్ కాదు. తనకి సాలీళ్లంటే ప్రాణభయం, రెండు వారాల తర్వాత చెప్పింది. ఎదురుగా ఉంటే ముఖం చూసి ఆగేవాణ్ణి. ఇప్పుడు మొదటి రోజే ఏవి వద్దో రాసుకుంటాం. మధ్యలో ఎవరైనా చాట్‌లో "ఎక్స్" అని కొడితే సన్నివేశం అక్కడితో ఆపేస్తాం. ఎందుకని అడగం.

అపోహ: జీఎం సెలవు తీసుకోకూడదు

నాలుగైదు నెలలకోసారి నాకు డైస్ చూస్తేనే చిరాకేస్తుంది. గత నెల అలాగే అనిపించి చెప్పేశాను. మా మంత్రగాడి ప్లేయర్ ముందుకొచ్చి ఒక వారం ఆట తనే నడిపాడు. నాకొక పాత్ర సిద్ధంగా ఉంచాడు: గుర్రాల కాపలావాడు.