గోడ దాటిన రివ్లిన్: అపోహలు - వాస్తవాలు

తెలుగు యాత్రికులకు యెరూషలేము చూపించడం నా వృత్తి. పాత నగరంలో వారు అడిగే ప్రశ్నలకు లేఖనాల్లోనే సగం జవాబులు దొరుకుతాయి గానీ, యొప్పే ద్వారం దాటి 19వ శతాబ్దపు పేటల్లోకి వచ్చేసరికి అపోహలు మొదలవుతాయి. వాటిలో ఎక్కువ భాగం యూదు సమాజ కమిటీకి ఏళ్లతరబడి కార్యదర్శిగా పనిచేసి, 1896లో మరణించిన యోసెఫ్ రివ్లిన్ గురించినవే.

అపోహ: పాత నగరపు గోడ బయట తొలి పేట రివ్లిన్‌దే.

వాస్తవం: కాదు. న్యూ ఓర్లియన్స్ వ్యాపారి జూడా టూరో వీలునామాలో రాసిన సొమ్ముతో ఇంగ్లండుకు చెందిన యూదు దాత మోసెస్ మాంటెఫియోరె 1860లోనే మిష్కెనోత్ షాఅననీమ్ కట్టించాడు. రివ్లిన్‌తో కలిపి ఏడుగురు స్థలం కొని నహలాత్ షివాను స్థాపించినది 1869లో. ఆ పేరుకు మన బైబిలు భాషలో ‘ఏడుగురి స్వాస్థ్యం’ అని అర్థం. చీకటిపడితే నగర ద్వారాలు మూసేసే ఆ రోజుల్లో, చీటీ వేస్తే రివ్లిన్ పేరు రాగా అతడు అక్కడ ఒంటరిగా కాపురం పెట్టాడనీ, బతికి ఉన్నాడో లేడోనని మిత్రులు తెల్లవారుతూనే వచ్చి చూసేవారనీ చెప్పుకుంటారు. ఇది కథగా వచ్చిన మాట కనుక నేనూ కథగానే చెబుతాను.

అపోహ: రివ్లిన్ స్థాపకుల్లో ఒకడైన మేయా షెఆరీమ్ పేట పేరుకు అర్థం నూరు గుమ్మాలు.

వాస్తవం: ఈ మాట గైడ్ల నోటా విన్నాను. ‘షఅర్’ అంటే ద్వారమే అయినా, 1874లో ఆ పేటకు పేరు తీసుకున్నది ఆదికాండము 26:12 నుంచి. ఇస్సాకు విత్తి పొందిన ఫలాన్ని తెలుగు బైబిలు ‘నూరంతలు’ అంటుంది. హీబ్రూలో అక్కడున్న మాటలు ‘మేయా షెఆరీమ్’ అనే. పేట స్థాపన నాటి వారంలో సమాజమందిరంలో చదివే భాగం అదే. ఈ సంగతి చెప్పగానే మనవాళ్లు బైబిలు తీసి చూస్తారు.

అపోహ: ఇవన్నీ విదేశీ దాతల ధర్మంతో వెలసిన ఇళ్లు.

వాస్తవం: మాంటెఫియోరె కట్టించిన పేటకు అది వర్తిస్తుంది గానీ మేయా షెఆరీమ్‌కు వర్తించదు. మన చీటీల లెక్క తెలిసినవారికి దాని పద్ధతి తేలికగానే అర్థమవుతుంది: సభ్యులు వాయిదాల్లో సొమ్ము కట్టేవారు, ఏటా కొన్ని ఇళ్లు పూర్తయ్యేవి, అవి ఎవరికి దక్కాలో చీటీ తీసి తేల్చేవారు. ఇళ్ల వెనుక గోడలే పేటకు ప్రహరీ; రాత్రి గేట్లు మూసేవారు, నీళ్లకు వాననీటి తొట్టెలే ఆధారం. దీని నక్షా గీసిన కాన్రాడ్ షిక్ జర్మన్ క్రైస్తవుడు.