చిన్న కణితికి ఎంత కోయాలి? 1995 నాటి తీర్పు, తర్వాత జరిగింది

రెండు సెంటీమీటర్లు దాటని ఊపిరితిత్తుల క్యాన్సర్ కణితికి లోబ్ (ఊపిరితిత్తిలో ఒక పెద్ద భాగం) మొత్తం తీసేయాలా, కణితి ఉన్న సెగ్మెంటు (లోబ్‌లో ఒక చిన్న భాగం) వరకు తీస్తే సరిపోతుందా అన్న వాదన ఛాతీ సర్జన్ల మధ్య మళ్లీ రాజుకుంది. 2022లో జపాన్ ఫలితాలు, 2023లో అమెరికా ఫలితాలు వచ్చాక ఇక తేలిపోయినట్టేనని చాలామంది అనుకున్నారు. తేలలేదు. తక్కువ కోత చాలనేవాళ్లు రోగులు ఎంతమంది బతికారో చూపిస్తున్నారు. లోబ్ తీయాల్సిందేననేవాళ్లు క్యాన్సర్ అక్కడే ఎంతమందికి తిరగబెట్టిందో చూపిస్తున్నారు. రెండు లెక్కలూ ఉన్నది ఒకే పరిశోధన పత్రంలో.

1933లో సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహమ్ ఒకవైపు ఊపిరితిత్తి మొత్తం తీసేసి రోగిని బతికించిన సంగతి, ఆ తర్వాత మొత్తం తీయడం మానుకుని ఒక లోబ్‌తో సరిపెట్టుకునే దాకా సర్జన్లు వచ్చిన సంగతి ఎక్కడ చూసినా దొరుకుతాయి. ఇప్పటి గొడవకు మూలం అక్కడ లేదు. 1995లో అచ్చయిన ఒక పత్రంలో ఉంది.

ముందుగా కోతల మధ్య తేడా తెలియాలి. కుడి ఊపిరితిత్తిలో మూడు లోబ్‌లు, ఎడమ దానిలో రెండు. ఒక్కో లోబ్‌లో మళ్లీ సెగ్మెంట్లు. ప్రతి సెగ్మెంటుకూ గాలి తెచ్చే సొంత గొట్టం, రక్తం తెచ్చే సొంత ధమని ఉంటాయి. లోబ్ మొత్తం తీస్తే లోబెక్టమీ. ఆ గొట్టాన్నీ ధమనినీ వెతికి పట్టుకుని, వాటి పరిధిలోని భాగాన్ని మాత్రమే వేరు చేస్తే సెగ్మెంటెక్టమీ. మూడోది వెడ్జ్: కాయగూరలో పాడైన చోటు చెక్కి పారేసినట్టు, సెగ్మెంటు హద్దులతో పని లేకుండా కణితినీ దాని చుట్టూ కొంత మంచి భాగాన్నీ స్టేప్లర్‌తో కోసి తీసేయడం. చివరి రెండూ ఒకటి కావు. వాటిని ఒకే గాటన కట్టడం దగ్గరే చిక్కంతా మొదలైంది.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ అండతో నడిచిన లంగ్ క్యాన్సర్ స్టడీ గ్రూప్ 1982 నుంచి 1988 దాకా రోగులను చేర్చుకుంది. మూడు సెంటీమీటర్ల లోపు కణితి ఉండి, లింఫు గ్రంథులకు క్యాన్సర్ పాకనివాళ్లు 276 మందిని రెండు వర్గాలుగా విడగొట్టారు. చివరికి లెక్కలోకి వచ్చింది 247 మంది. లోబ్ తీసినవాళ్లు 125, తక్కువ కోసినవాళ్లు 122. రాబర్ట్ గిన్స్‌బర్గ్, లారెన్స్ రూబిన్‌స్టీన్ పేర్లతో 1995లో వెలువడిన ఫలితం సూటిగా ఉంది. తక్కువ కోసినవాళ్లలో క్యాన్సర్ అదే చోట, ఆ చుట్టుపక్కల తిరగబెట్టడం మూడింతలు. మరణాలు సుమారు 30 శాతం ఎక్కువ. దాంతో లోబెక్టమీయే ప్రామాణిక చికిత్స అని ఖాయమైపోయింది. ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గి లోబ్ తీస్తే తట్టుకోలేని వాళ్లకే చిన్న కోత అన్నారు. పాతికేళ్లకు పైగా ప్రపంచమంతా ఆ మాటే నడిచింది.

ఆ పత్రాన్ని ఇవాళ నిదానంగా చదివితే మరో బొమ్మ కనిపిస్తుంది. తక్కువ కోసిన 122 మందిలో 40 మందికి చేసింది వెడ్జ్. అంటే మూడింట ఒకరికి అసలు సెగ్మెంటెక్టమీ జరగనే లేదు. ఆ రోజుల్లో కణితులు బయటపడేది ఎక్కువగా ఛాతీ ఎక్స్‌రేలోనే. ప్రతి రోగికీ సీటీ స్కాన్ చేసి తీరాలన్న నియమం కూడా ఆ పరిశోధనలో లేదు. ఎక్స్‌రేలో ఒక్క మచ్చగా కనిపించినదానికి పక్కన ఇంకోటి ఉందో లేదో చెప్పడం కష్టం. మరణాల తేడాకు వచ్చిన పి విలువ, అంటే నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా అంత తేడా కనిపించే అవకాశం, 0.08. వైద్య పరిశోధనల్లో మామూలుగా అడిగే 0.05 గీతకు అది అవతలే ఉంది. క్యాన్సర్ తిరగబెట్టిన లెక్క మాత్రం గట్టిదే, దాన్ని ఎవరూ కాదనలేరు. నా అభ్యంతరం ఆ పరిశోధన చేసినవాళ్ల మీద కాదు. తమ ముందున్న కణితుల గురించి వాళ్లు నిజమే చెప్పారు. వాళ్లు చూడని కణితులకు కూడా ఆ తీర్పునే అంటగట్టింది తర్వాతి వాళ్లు.

చూడని కణితులంటే ఏవో అదే 1995లో జపాన్ నుంచి వచ్చిన ఇంకో పత్రం చెప్పింది. మసయుకి నొగుచి, ఆయన సహచరులు రెండు సెంటీమీటర్ల లోపు ఎడినోకార్సినోమాలను (ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఒక రకం) సూక్ష్మదర్శిని కింద చూసి ఆరు రకాలుగా విడదీశారు. మొదటి రెండు రకాల్లో లింఫు గ్రంథులకు పాకినవి లేవు. ఆపరేషన్ తర్వాత ఐదేళ్లకు ఆ రోగులంతా బతికే ఉన్నారు. కణితి చిన్నదా పెద్దదా అనే కాదు, ఎలాంటిదన్నది కూడా చూడాలని ఆ పత్రం చెప్పింది. సీటీ స్కాన్‌లో ఇలాంటివి మసక అద్దం వెనక ఉన్నట్టు పలచటి నీడగా కనిపిస్తాయి. డాక్టర్లు గ్రౌండ్ గ్లాస్ అంటారు. నీడలో ముద్దగా తెల్లగా ఉన్న భాగం ఎంత పెరిగితే క్యాన్సర్ అంత చొచ్చుకుపోయే రకమని లెక్క. సీటీ వాడకం విస్తరించిన జపాన్‌లో ఇలాంటి కణితులు ఏటికేడు ఎక్కువగా బయటపడసాగాయి. గిన్స్‌బర్గ్ పరిశోధనలో ఈ తేడా పట్టుకునే వీలే లేదు.

నిజానికి సెగ్మెంటు వరకే కోయడం జపాన్ వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. 1939లోనే ఎడ్వర్డ్ చర్చిల్, రొనాల్డ్ బెల్సీ బ్రాంకియెక్టేసిస్ (ఊపిరితిత్తిలోని గాలి గొట్టాలు వెడల్పై పాడయ్యే జబ్బు) రోగుల్లో ఆ పని చేసి, లోబ్‌కు బదులు సెగ్మెంటే ఊపిరితిత్తి సర్జరీకి కొలమానం కావచ్చని రాశారు. 1973లో షికాగో సర్జన్ రాబర్ట్ జెన్సిక్ క్యాన్సర్‌లో ఈ పద్ధతితో తమ పదిహేనేళ్ల అనుభవాన్ని ప్రచురించారు. 1995 తీర్పుతో ఆ దారి అమెరికాలో దాదాపు మూసుకుపోయింది. జపాన్‌లో మూసుకోలేదు.

2009 ఆగస్టులో అక్కడ సెగ్మెంటెక్టమీని లోబెక్టమీతో పోల్చే పరిశోధన మొదలైంది. దాని పేరు జేసీఓజీ 0802. 70 ఆసుపత్రులు, 1,106 మంది రోగులు. కణితి రెండు సెంటీమీటర్ల లోపు ఉండాలి, అందులో సగానికి మించి ముద్ద భాగం ఉండాలి. ఈ షరతును గుర్తుపెట్టుకోవాలి. పలచటి నీడలను పక్కన పెట్టి, ప్రమాదం ఎక్కువున్న వాటినే తీసుకున్నారు. తక్కువ కోత వైపు వెడ్జ్ లేదు, సెగ్మెంటెక్టమీ ఒక్కటే. ఫలితం 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఐదేళ్లకు బతికున్నవాళ్లు సెగ్మెంటు తీసిన వర్గంలో 94.3 శాతం, లోబ్ తీసిన వర్గంలో 91.1 శాతం. తక్కువ కోతతో నష్టం లేదని చూపిస్తే చాలనుకుని మొదలుపెడితే, అది ఒక మెట్టు పైనే నిలిచింది. 

ఎందుకలా అంటే, లోబ్ పోయినవాళ్లలో ఇతర జబ్బులతో, మరో క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఎక్కువ. మిగిలిన ఊపిరితిత్తి ఎంత ఎక్కువైతే రెండో జబ్బు వచ్చినప్పుడు దాని చికిత్సను తట్టుకునే శక్తి అంత ఉంటుందని జపాన్ సర్జన్ల వివరణ. ఈ క్యాన్సర్ వచ్చేది ఎక్కువగా వయసు మళ్లినవాళ్లకే. వాళ్లకు ఇంకో కణితో, న్యుమోనియానో రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి ఆ మాటలో బలం ఉంది.

సెగ్మెంటు హద్దు కంటికి కనపడదు. అందుకే ఇది ఓపికతో చేయాల్సిన పని. సర్జన్ ఆ సెగ్మెంటుకు వెళ్లే ధమనిని కట్టేస్తారు. మత్తు డాక్టర్ నరంలోకి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు ఎక్కిస్తారు. కొన్ని సెకన్లలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా తెర మీద ఊపిరితిత్తి అంతా పచ్చగా వెలుగుతుంది, రక్తం అందని సెగ్మెంటు ఒక్కటే నల్లగా మిగులుతుంది. ఆ వెలుగు చల్లారేలోగా హద్దు వెంట కరెంటు కత్తితో గుర్తులు పెట్టుకోవాలి. కోసిన అంచు నుంచి గాలి లీకవడం లోబెక్టమీలో కంటే దీనిలోనే కాస్త ఎక్కువ. జపాన్ లెక్కల్లోనూ అది కనిపించింది.

అవతలి పక్షం ప్రధానంగా రెండు మాటలు అంటోంది. అదే పరిశోధనలో క్యాన్సర్ అదే చోట, దగ్గర్లో తిరగబెట్టినవాళ్లు సెగ్మెంటు వర్గంలో 10.5 శాతం, లోబ్ వర్గంలో 5.4 శాతం. దాదాపు రెట్టింపు. శ్వాస పరీక్షలో ఏడాది తర్వాత రెండు వర్గాల మధ్య తేడా 3.5 శాతమే, ఆశించిన 10 శాతం రాలేదు. అంత కొద్ది తేడా ప్రాణాలు నిలిపిందంటే నమ్మేదెలా అని వాళ్ల ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే.

అమెరికా పరిశోధన, సీఏఎల్‌జీబీ 140503, ఈ చిక్కు విప్పకపోగా ఇంకొకటి తెచ్చింది. నాసర్ అల్తోర్కి బృందం 697 మందితో చేసిన ఈ పని 2023 ఫిబ్రవరిలో వెలువడింది. ఐదేళ్లకు క్యాన్సర్ తిరగబెట్టకుండా బతికున్నవాళ్లు తక్కువ కోతలో 63.6 శాతం, లోబెక్టమీలో 64.1 శాతం. తేడా లేనట్టే. కానీ తక్కువ కోత వర్గంలో సగానికి పైగా చేసింది వెడ్జ్! 1995 పత్రం మీద ఏ అభ్యంతరం ఉందో అదే కలగలుపు ఇక్కడా ఉంది, ఫలితం మాత్రం తిరగబడింది. వెడ్జ్ కూడా చాలనేవాళ్లు ఈ పత్రాన్ని చూపిస్తుంటే, జపాన్ పత్రం ఆ మాట చెప్పలేదని మిగతావాళ్లు గుర్తుచేస్తున్నారు. ఇవాళ్టి వాదనలో సగం ఈ రెండు పత్రాలను కలిపి చదవడం వల్ల పుట్టిందే.

తెలుగు రాష్ట్రాల్లో దీని గురించి మాట్లాడేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో అత్యధికులు మూడు, నాలుగు దశల్లోనే ఆసుపత్రికి వస్తారు. నెలల తరబడి టీబీ మందులు వాడి, తగ్గక, అప్పుడు బయాప్సీ దాకా వచ్చేవాళ్లు వాళ్లలో తక్కువేమీ కాదు. దేశంలో జాతీయ స్థాయి స్క్రీనింగ్ కార్యక్రమం లేదు. అయితే కరోనా రోజుల్లో జరిగిన లెక్కలేనన్ని సీటీ స్కాన్‌ల వల్ల, ఇప్పుడు గుండె పరీక్షలకు, హెల్త్ చెకప్‌లకు తీసే స్కాన్‌ల వల్ల చిన్న మచ్చలు కనపడుతున్నాయి. వాటిలో టీబీ వదిలిపెట్టిన మచ్చలు ఉంటాయి, క్యాన్సర్లూ ఉంటాయి. పాత టీబీ ఉన్న ఛాతీలో ఊపిరితిత్తి పక్కటెముకల లోపలి పొరకు అతుక్కుపోయి ఉంటుంది. లింఫు గ్రంథులు గట్టిపడి రక్తనాళాలను కరుచుకుని ఉంటాయి. సెగ్మెంటు ధమనిని విడదీయడం అలాంటి చోట చాలా కష్టం. జపాన్ లెక్కలను తెచ్చి మన రోగికి ఉన్నదున్నట్టు వర్తింపజేయడానికి ఇదొక అడ్డంకి.

పైగా చివరి నిర్ణయం రోగి ఆపరేషన్ టేబుల్ మీద ఉండగానే మారిపోవచ్చు. లింఫు గ్రంథి ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి పరీక్షించినప్పుడు క్యాన్సర్ కనిపించినా, కోత అంచు కణితికి మరీ దగ్గరగా వచ్చినా సెగ్మెంటుతో ఆపరు, లోబ్ తీసేస్తారు. అందుకే ఆపరేషన్‌కు ముందు సంతకం తీసుకునే కాగితంలో రెండు ఆపరేషన్ల పేర్లూ ఉండాలి. ఏ పరిస్థితిలో మొదటిది రెండోదిగా మారుతుందో రోగికీ ఇంట్లోవాళ్లకూ ముందుగానే చెప్పాలి.