ఖాళీ బ్లాకు పలకాలి

మోడల్ రైల్వే లేఅవుట్ కట్టుకుంటున్న ఒక పాఠకుడు ఇలా అడిగారు: "ఇంజన్ ఏ బ్లాకులో (విడదీసిన పట్టాల ముక్కలో) ఉంటే కంట్రోల్ ప్యానెల్ మీద ఆ బ్లాకు ఎర్ర లైటు వెలుగుతోంది. కానీ లింకు ఊడి నాలుగు పెట్టెలు వెనక ఉండిపోతే ప్యానెల్ ఆ బ్లాకు ఖాళీ అంటోంది. ఎందుకని?"

ప్యానెల్ మీద పట్టాల బొమ్మ గీయడం, స్విచ్చులు బిగించడం ఓపికుంటే ఎవరైనా చేసే పనే. బండి ఎక్కడుందో ప్యానెల్‌కి ఎలా తెలుస్తుందన్నదే అసలు విశేషం.

ముందు పెద్ద రైలు సంగతి చూద్దాం. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ ట్రాక్ సర్క్యూట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. బ్లాకుకు ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే (కరెంటు పారితే పట్టుకునే, ఆగితే వదిలేసే అయస్కాంత స్విచ్చు) ఉంటాయి. మధ్యలో తీగల పని పట్టాలే చేస్తాయి. బండి లేనంతసేపూ కరెంటు వెళ్లి రిలేను పట్టి ఉంచుతుంది. బండి రాగానే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి, కరెంటు ఆ అడ్డదారి పడుతుంది, రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా ఎరుపే. క్లాసులో హాజరు పిలిచినట్టు, ఖాళీ బ్లాకు "ఉన్నాను" అని పలుకుతూనే ఉండాలి. పలకలేదంటే కారణం ఏదైనా సరే, బండి ఆగాల్సిందే. ఇంత అందమైన ఆలోచన ఇంజనీరింగ్‌లో అరుదు!

మోడల్‌లో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ పట్టాలే ఇంజన్‌కు కరెంటు అందించాలి. చక్రాలు రెండు పట్టాలనూ కలిపేస్తే అది షార్ట్ సర్క్యూట్. పెద్ద రైల్వేకి ప్రాణమైన పని ఇక్కడ పవర్ ట్రిప్ చేసేస్తుంది. అందుకే పెట్టెల ఇరుసు మీద కనీసం ఒక చక్రాన్నైనా ఇన్సులేట్ చేస్తారు. బ్లాకుల మధ్య పట్టా కోసి, ఒక్కో బ్లాకుకు వెళ్లే తీగలో ఒక డిటెక్టర్ పెడతారు. ఇంజన్ మోటారు కరెంటు లాగితే ఎర్ర లైటు. అంటే ఇక్కడ హాజరు పలికేది బండి. కరెంటు లాగని పెట్టెలు పలకలేవు. ఆయన ప్రశ్నకు జవాబు ఇదే.

మందు చిన్నదే. ఇన్సులేట్ చేసిన చక్రం దగ్గర, ఇరుసు మీద 2 మిల్లీమీటర్ల పొడవున్న 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ అతికించి, కరెంటు పారే పెయింటుతో ఒక కొసను చక్రానికి, రెండోదాన్ని ఇరుసుకు కలపాలి. కనీసం చివరి పెట్టెకైనా ఇది ఉండాలి. పట్టాల మీద 14 వోల్టులుంటే 1.4 మిల్లీఆంపియర్లు పారతాయి. ఓమ్ సూత్రాన్ని బట్టీ పట్టించే బదులు ఇలాంటి ఇరుసొకటి పిల్లల చేతికిచ్చి, పట్టాల మీద పెట్టి లైటు వెలిగించమంటే చాలు, జన్మలో మర్చిపోరు.

మరి 1.4 మిల్లీఆంపియర్లనూ, ఇంజన్ లాగే 1 ఆంపియర్‌నూ ఒకే డిటెక్టర్ ఎలా పసిగడుతుంది? కరెంటును ఒకే దిశలో పోనిచ్చే సిలికాన్ డయోడ్లు రెండింటిని ఎదురెదురు దిశల్లో కలిపి, వాటి గుండా కరెంటు పంపుతారు. డయోడ్ మీద వోల్టేజి లాగరిథం లెక్కన పెరుగుతుంది: కరెంటు పది రెట్లయితే వోల్టేజి పెరిగేది సుమారు 60 నుంచి 120 మిల్లీవోల్టులే. 1 మిల్లీఆంపియర్ దగ్గర దాదాపు అర వోల్టు, దానికి వెయ్యి రెట్ల దగ్గర కూడా ఒక వోల్టుకు అటూఇటూ. ఒక ట్రాన్సిస్టర్‌ను మేల్కొలపడానికి ఆ అర వోల్టు ఇంచుమించు సరిపోతుంది, ఇంజన్‌కు దక్కే వోల్టేజిలో తగ్గేదీ కొద్దే.

బండే లేని బ్లాకులో లైటు వెలిగితే దెయ్యమనీ దోషమనీ కంగారు పడక్కర్లేదు. కొత్తగా కంకర అతికించారా? నీళ్లు కలిపిన జిగురు ఆరేదాకా రెండు పట్టాల మధ్య కరెంటు కాస్త కారుతూనే ఉంటుంది. వానకు తడిసిన అసలు కంకరదీ ఇదే పేచీ.

నిజంగా టెన్షన్ పెట్టాల్సింది ఆరిపోయిన లైటు. డిటెక్టర్ తీగ ఊడినా ప్యానెల్ నిశ్చింతగా "ఖాళీ" అంటుంది. మైక్రోకంట్రోలర్‌తో (చిన్న కంప్యూటర్ చిప్‌తో) కరెంటు కొలిచే డిటెక్టరైతే దీనికీ దారుంది. బ్లాకు చివర పట్టాల మధ్య 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ శాశ్వతంగా వదిలెయ్యండి. అప్పుడు ఖాళీ బ్లాకు కూడా 0.3 మిల్లీఆంపియర్లతో పలుకుతుంది. 1 మిల్లీఆంపియర్ దాటితే ఎరుపు, 0.3 దగ్గరుంటే ఆకుపచ్చ, ఏమీ లేకపోతే పసుపు. పసుపు వెలిగిందంటే లేఅవుట్ కిందికి దూరి తీగలు చూసుకోవాలి.