నీలం బటన్ ఎందుకు వెలగలేదు?

ప్లైవుడ్ పెట్టెకు రంధ్రాలు చేసి, ఎనిమిది 30 మిల్లీమీటర్ల ఆర్కేడ్ బటన్లు బిగించి సొంతంగా గేమ్ కంట్రోలర్ తయారు చేసుకున్నాను. నొక్కితే ఆట నడుస్తోంది. ఇక మిగిలింది సోకు. ఒక్కో బటన్ అడుగున ఒక్కో ఎల్ఈడీ పెట్టి, అన్నింటినీ సమాంతరంగా కలిపి, మొత్తానికి ఒకే రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే చిన్న అడ్డు) వేశాను. ఎనిమిది ఎందుకు, ఒకటి చాలదా అనే పొదుపు బుద్ధి! యూఎస్‌బీ వైరు గుచ్చగానే ఎర్ర బటన్లు వెలిగాయి. నీలం వాటిలో మిణుకైనా లేదు. మాడిపోయాయేమోనని కొత్తవి మార్చాను. అవీ అంతే. విసుగొచ్చి ఎర్రవాటి వైరు ఊడదీశానో లేదో, నీలం బటన్లు భళ్లున వెలిగాయి.

నేను ఎల్ఈడీని చిన్న బల్బు అనుకోవడమే తప్పు. పాతకాలపు బల్బులో తీగ వేడెక్కి వెలుగుతుంది. ఎల్ఈడీలో వెలుగు పుట్టే తీరు వేరు: సెమీకండక్టర్‌లో ఎలక్ట్రాన్ పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగుతూ, ఆ తేడాను కాంతిగా వదిలేస్తుంది. మెట్టు పొట్టిదైతే ఎరుపు, ఎత్తైనదైతే నీలం. ఎలక్ట్రాన్‌ను పై మెట్టుకు ఎక్కించడానికి కావలసిన వోల్టేజీ కూడా ఆ ఎత్తును బట్టే ఉంటుంది. ఎరుపుకు సుమారు 2 వోల్టులు, నీలానికి 3. అమెరికా ఇంజనీరు నిక్ హోలోన్యాక్ 1962లోనే ఎర్ర ఎల్ఈడీ చేసి చూపినా, ప్రకాశవంతమైన నీలం కోసం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. గాలియం నైట్రైడ్‌తో దాన్ని సాధించిన శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ దక్కింది.

నీరు పల్లమెరుగు అంటారు కదా, కరెంటుదీ అదే దారి. 2 వోల్టులు రాగానే ఎర్ర ఎల్ఈడీలు కరెంటును తమవైపు లాగేసుకున్నాయి. వోల్టేజీ అక్కడే ఆగిపోయింది; 3 వోల్టుల గడప దాటితే తప్ప వెలగని నీలానికి ఏమీ మిగల్లేదు.

కాబట్టి ఎవరి రెసిస్టర్ వారిదే. యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టుల్లో ఎరుపుకు 2 పోగా 3 మిగులుతాయి. 10 మిల్లీఆంపుల (0.01 ఆంపు) కరెంటు చాలనుకుంటే, 3ను 0.01తో భాగిస్తే 300 ఓముల రెసిస్టర్ కావాలి. దుకాణంలో దొరికే 330 సరిపోతుంది. నీలానికి మిగిలేది 2 వోల్టులే కనుక 220 చాలు. ఎనిమిదింటికీ కలిపి దాదాపు 80 మిల్లీఆంపులు, యూఎస్‌బీకి అదేమంత బరువు కాదు. కొనేటప్పుడు మాత్రం బటన్‌లోని ఎల్ఈడీ 5 వోల్టులదో 12 వోల్టులదో అడగాలి. పెద్ద గేమ్ యంత్రాల కోసం చేసిన 12 వోల్టుల రకం ఇక్కడ వెలిగీ వెలగనట్టుంటుంది.

లెక్క కుదిరింది, అన్నీ వెలిగాయి. కానీ ఆకుపచ్చ బటన్ మిగతావాటిని మింగేస్తోంది. మన కంటికి 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చే అన్నిటికంటే మెరుగ్గా ఆనుతుంది మరి. దానికి మాత్రం 1,000 ఓముల రెసిస్టర్ వేసి నోరు మూయించాను.