499 డాలర్ల ఇంటి కప్పు, 13,000 డాలర్ల ఇంటి కప్పు

2003 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ప్లేనో మీద వడగళ్ల వాన పడింది. అక్కడ ఒకావిడ ఇంటి కప్పు చూసిన స్టేట్ ఫామ్ అనే బీమా కంపెనీ మనిషి, కొప్పు వరుస ఒక్కటే దెబ్బతిందనీ, బాగుచేయడానికి 499 డాలర్ల 50 సెంట్లు చాలనీ లెక్క తేల్చాడు. ఆవిడ డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందు తనే భరించాల్సిన మొత్తం, 1,477 డాలర్లు, అంటే చేతికి పైసా రాదు. ఆవిడ పిలిపించుకున్న రూఫర్, అంటే కప్పులు వేసేవాడు, మాత్రం అదే కప్పు చూసి మొత్తం పీకేసి కొత్తది వేయాల్సిందే, 13,000 దాటుతుంది అన్నాడు. పాలసీలో నష్టం అంకెని మధ్యవర్తులతో తేల్చుకునే అప్రైజల్ అని ఉంది కదా, దాంతో తేల్చుకుందాం అని ఆవిడ అడిగితే కంపెనీ కుదరదంది. ఈ కప్పు గొడవ టెక్సస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2009లో గానీ తెగలేదు.

ఇప్పుడు ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. వడగళ్లు పడ్డ మర్నాడే రూఫింగ్ కుర్రాళ్లు తలుపు కొట్టడం, కంపెనీ రాసిన అంకె చూసి టెన్షన్ పడటం, "అప్రైజల్‌కి వెళ్దామా?" అని నలుగురినీ అడగటం అక్కడ మామూలే. ఆఫీసులో ఏటా మన ప్రాణం తీసే అప్రైజల్ కాదిది. నూటయాభై ఏళ్ల చరిత్ర ఉన్న క్లాజు.

పద్ధతి మన ఊరి పెద్దమనుషుల పంచాయితీ లాంటిదే. నష్టం ఎంతో కుదరనప్పుడు నీ తరఫున ఒక అప్రైజర్, కంపెనీ తరఫున ఒకరు. ఆ ఇద్దరూ కలిసి ముందే ఒక అంపైర్‌ని ఎంచుకుంటారు, వాళ్లకి కుదరకపోతే జడ్జి వేస్తాడు. ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం పెడితే అదే అంకె. ఎవరి అప్రైజర్ ఫీజు వాళ్లది, అంపైర్ ఫీజు చెరిసగం. 1886లో న్యూయార్క్ శాసనసభ అగ్ని బీమాకి ఒకే పాలసీ నమూనా ఉండాలని చట్టం చేసింది, దాన్ని చూసి మిగతా రాష్ట్రాలు నడిచాయి. 1943లో తిరగరాసిన నమూనాని బీమా వాళ్లు ఇప్పటికీ 165 లైన్ల పాలసీ అంటారు. నీ అప్రైజర్ పేరు చెప్పడానికి 20 రోజులు, అంపైర్ మీద ఒప్పందానికి 15 రోజులు అన్న గడువులు అందులోవే. ఇవాళ్టి ఇంటి పాలసీల్లోనూ దాదాపు అవే మాటలు కనిపిస్తాయి.

అయితే ఈ క్లాజుని మొదట్లో గట్టిగా పట్టుకున్నది కంపెనీలే. 1890లో అమెరికా సుప్రీంకోర్టుకి ఒక పొగాకు వ్యాపారి కేసు వచ్చింది. సరుకు మంటల్లో పాడైంది, కంపెనీ అప్రైజల్‌కి రమ్మంది, ఆయన రానని దావా వేశాడు. ఆ అంకె తేలకుండా దావా చెల్లదని పాలసీలో స్పష్టంగా ఉంది కాబట్టి కోర్టు ఆయన్ని వెనక్కి పంపేసింది. అదే ఏడాది అదే వ్యాపారి ఇంకో కంపెనీ మీద వేసిన కేసులో మాత్రం గెలిచాడు, ఎందుకంటే ఆ పాలసీలో అప్రైజల్ మాట ఉంది గానీ అది లేకుండా దావా వేయకూడదన్న షరతు లేదు. పాలసీ చిన్న అక్షరాలు చదవమని పెద్దలు ఊరికే చెప్పలేదు.

ఆ రోజుల్లో లెక్క తేలికే. గోదాములో ఇన్ని బేళ్లు, మార్కెట్ రేటు ఇంత, కాలినవి ఇన్ని. నిప్పు అంటుకుందా లేదా అన్న దానిలో పేచీ లేదు, ఎంత అన్నదే పేచీ. వడగళ్లొచ్చాక, నా లెక్కలో, ఇక్కడే తేడా కొట్టింది. కప్పెక్కిన అడ్జస్టర్, అంటే నష్టం లెక్కగట్టేవాడు, పది అడుగుల చదరం గీసి, అందులో షింగిల్ (కప్పు మీద పరిచే పలక) మీద నల్లగా రేణువులు రాలిపోయి మెత్తబడ్డ చోటల్లా చాక్‌పీసుతో సున్నా చుట్టి లెక్కపెడతాడు. ఆ మచ్చ వడగల్లు కొట్టింది కాదు, పదిహేనేళ్ల ఎండ కొట్టింది అంటే ఆ సున్నా ఎగిరిపోయినట్టే. అంటే 'ఎంత' అని తేల్చబోయిన ప్రతివాడూ 'దేనివల్ల' అన్నది కూడా తేల్చక తప్పదు.

ప్లేనో కేసులో స్టేట్ ఫామ్ వాదన సరిగ్గా దీని మీదే నడిచింది. దేనివల్ల అన్నది కోర్టు పని, అప్రైజర్ల పని కాదు అని. కోర్టు ఒప్పుకోలేదు. వడగళ్ల దెబ్బనీ పాతబడ్డాన్నీ విడదీయకుండా ఏ అప్రైజరూ అంకె వేయలేడు, ముందు అప్రైజల్ కానివ్వండి, అసలు డబ్బు ఇవ్వాలా వద్దా అన్న బాధ్యత సంగతి తర్వాత చూద్దాం అంది. ఫ్లోరిడా సుప్రీంకోర్టు గీసిన గీత కొంచెం వేరు. కంపెనీ మొత్తం క్లెయిమ్‌నే కాదంటే అది కోర్టు సంగతి, కొంత ఒప్పుకుని మిగతా అంకె మీద తగవుపడితే అది అప్రైజర్ల సంగతి. ఒకప్పుడు కంపెనీలు అడ్డుగా పెట్టుకున్న క్లాజే ఇలా పాలసీదారుల చేతికొచ్చింది. పాలసీదారు తరఫున క్లెయిమ్ నడిపి, అంకె పెరిగితే వాటా తీసుకునే పబ్లిక్ అడ్జస్టర్లు అప్రైజర్లుగా కూర్చోవడమూ మొదలైంది. వచ్చే డబ్బులో శాతం ఉన్నవాడు నిష్పక్షపాతి ఎలా అవుతాడని 2023లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు దానికి అడ్డు చెప్పింది. నాకైతే ఆలస్యంగా చెప్పినట్టే అనిపించింది.

టెక్సస్‌లో వడగళ్ల దావాలు వరదలా పెరిగాక 2017లో వాటిని కట్టడి చేసే కొత్త చట్టం తెచ్చారు. హరికేన్ హార్వీ తాకిన వారానికే, సెప్టెంబర్ 1న అది అమల్లోకి రానుండటంతో ఇళ్లలో నీళ్లున్న జనం ఆలోపే క్లెయిమ్ నోటీసు ఇచ్చేయాలని పరుగులు పెట్టారు. 2019లో అక్కడి సుప్రీంకోర్టు, అప్రైజల్ అంకె కట్టేసినంత మాత్రాన ఆలస్యానికి వడ్డీ తప్పదు సుమా అని కంపెనీలకి చెప్పింది. 2024లో మళ్లీ, ఆ అంకెతో పాటు రాగల వడ్డీ కూడా కట్టేస్తే లాయర్ ఫీజు మాత్రం అడగలేరు అంది. దాంతో చిన్న క్లెయిమ్ పట్టుకునే లాయర్ దొరకడం కష్టం కావచ్చు.

మన దగ్గర ఈ పేరు వినపడదు, ఇక్కడ సర్వేయర్ రిపోర్టే అన్నీ. అగ్ని పాలసీల్లో మాత్రం 'బాధ్యత ఒప్పుకున్నాక అంకె మీదే తగవుంటే ఆర్బిట్రేషన్' అన్న వాక్యం చాలాకాలం ఉండేది, అదీ ఈ కుదురులోదే. 2023లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రిటైల్ పాలసీల్లోంచి దాన్ని తీయించింది.

టెక్సస్ మిత్రులకి ఒక్క మాట. డిడక్టిబుల్ ఇంటికి చేసిన బీమా మొత్తంలో 2 శాతమైతే, 5 లక్షల డాలర్ల బీమాకి అది 10,000. మీ అప్రైజర్, అంపైర్ ఖర్చు దాని మీద వేసుకుని చూడండి. ఇంకోటి, కొన్ని పాలసీల్లో ఇద్దరిలో ఎవరు అడిగినా అప్రైజల్ జరగాలి, కొన్నిట్లో ఇద్దరూ ఒప్పుకుంటేనే. మీది ఏదో వాన పడకముందే చూసుకోండి.